ఉత్తుత్తి పేషెంటు

ఆ ఆసుపత్రిలో స్ట్రెచర్లు తోసేవాళ్ళందరిలోకీ పొడుగైనవాడూ, బక్కపల్చనివాడూ అతనే. పీక్కుపోయిన మొహం, లోతుకుపోయిన కళ్ళు. కొత్తగా చూసినవాళ్ళు "ఏమయ్యా, ఒంట్లో బాగాలేదా?" అని అడక్కుండా ఉండేవారు కాదు. నిజానికి అతనిది రాయిలాంటి ఒళ్ళు. జలుబు చేసి ఒక పూట ఇంట్లో పడుకున్న పాపాన పోలేదు. కానీ ఆ మొహమే అతనికి ఆసుపత్రిలో ఓ ప్రత్యేకమైన ఉద్యోగం తెచ్చిపెట్టింది.

వెనకటి మహమ్మారి ఇళ్ళకిళ్ళు ఊడ్చిపెట్టుకుపోయాక ప్రభుత్వానికి మెలకువ వచ్చింది. ప్రతి పెద్దాసుపత్రిలోనూ ఫ్లూ రోగుల కోసం విడిగా ఒక గది ఉండాలనీ, ఏటా చలికాలం మొదలవకముందే ఒకసారి రిహార్సల్ చేసి చూసుకోవాలనీ పైనుంచి ఉత్తర్వులు వచ్చాయి. దాన్ని అందరూ డ్రిల్లు అనేవారు. డ్రిల్లుకి ఒక రోగి కావాలి కదా. సూపరింటెండెంటుగారు వరండాలో సిబ్బందిని నిలబెట్టి, ఒక్కొక్కరినే చూసుకుంటూ వచ్చి, ఇతని దగ్గర ఆగిపోయారు.

"నీకు మేకప్ కూడా అక్కర్లేదయ్యా," అన్నారు.

అప్పట్నుంచీ ఏటా అతనే రోగి. దగ్గుకుంటూ అంబులెన్సులోంచి దిగేవాడు. తల నుంచి కాలిదాకా తెల్ల సూట్లు తొడుక్కున్న డాక్టర్లు పరిగెత్తుకొచ్చేవారు. మిగతా రోజుల్లో తాను తోసే స్ట్రెచర్ మీదే అతన్ని పడుకోబెట్టి, మామూలు రోగులెవరికీ ఎదురుపడకుండా పక్కదారిలోంచి ఫ్లూ గదికి తీసుకెళ్ళేవారు. తలాపున ఊపిరి పోసే యంత్రం పచ్చలైటుతో వెలుగుతుండేది. రాజధాని నుంచి వచ్చిన ఆరోగ్యశాఖ పెద్దాఫీసరు తల పంకించేవాడు. ఫొటోలు తీసుకునేవారు, చప్పట్లు కొట్టేవారు. "ఇక లే బాబాయ్" అని ఎవరో భుజం తట్టగానే అతను లేచి, అందరితోపాటు నిలబడి టీ తాగేవాడు.

ఆసుపత్రిలో అందరూ అతన్ని "ఉత్తుత్తి బాబాయ్" అనేవారు. ఆ మాటకి అతనికి ఏనాడూ కోపం రాలేదు. పైపెచ్చు గర్వంగా ఉండేది. పేపర్లో పడ్డ ఫొటోని భార్య కత్తిరించి అద్దం పక్కన అంటించింది. మరదలు, అంటే భార్య చెల్లెలు, వాళ్ళతోనే ఉండేది. ఎవరైనా పెళ్ళిమాట ఎత్తితే "కోళ్ళకి మేత వేళయింది" అని సైకిలెక్కి వెళ్ళిపోయే రకం. ఎవరు మాట్లాడినా విని, వాళ్ళ గొంతుతోనే తిరిగి అప్పజెప్పేది. సూపరింటెండెంటుగారి గొంతుతో "మేకప్ కూడా అక్కర్లేదయ్యా" అని ఆమె అంటుంటే అక్కాబావలు కడుపు పట్టుకుని నవ్వేవారు.

అక్కచెల్లెళ్ళిద్దరూ ఊరి చివర కోళ్ళఫారంలో పనిచేసేవారు. గుడ్లు ఏరడం, మేత పోయడం, షెడ్లు కడగడం వాళ్ళ పని. చలికాలం సగంలో ఉండగా ఫారంలో కోళ్ళు చావడం మొదలైంది. ముందు షెడ్డుకి అరడజను, తర్వాత వరసలకి వరసలు. మెడలు వాల్చేసి, తలలు నీలంగా వాచిపోయి, పొద్దున్న వెళ్ళేసరికి గుట్టలుగా పడి ఉండేవి. పశువుల డాక్టరు వచ్చి చూశాడు. బర్డ్ ఫ్లూ అన్నాడు. బతికున్నవాటిని కూడా చంపి, గొయ్యి తీసి పూడ్చిపెట్టాలన్నాడు.

చంపేదెవరు? ఫారంలో పనిచేసే ఆడవాళ్ళే.

ఆ ముందురోజు సాయంత్రం భార్య కాస్త తటపటాయించింది. "మనుషులకీ అంటుకుంటుందటయ్యా. రేడియోలో చెప్పారు."

"అంటుకోకుండా సూట్లిస్తారు," అన్నాడు అతను. "నేను చూళ్ళేదా ఏంటి? మా ఆసుపత్రిలో పెట్టెలకి పెట్టెలున్నాయి. ఒకవేళ ఏదన్నా అయినా మా గది ఉండనే ఉంది. నన్ను ఎన్నిసార్లు బతికించారో లెక్కుందా?"

ముగ్గురూ నవ్వుకున్నారు. ఆ మాట ఎందుకన్నానా అని అతను తర్వాత ఎన్నిసార్లు పళ్ళు నూరుకున్నాడో.

మర్నాడు ఫారం దగ్గర సూట్లు వేసుకున్నది రోడ్డు మీద జీపు పక్కన నిలబడ్డ ఆఫీసర్లే. షెడ్లలోకి దిగిన ఆడవాళ్ళకి పల్చటి వానకోట్లు ఇచ్చారు. ముక్కుకి గుడ్డ ముక్కలు. "సూట్లు బయల్దేరాయమ్మా, దారిలో ఉన్నాయి. మీరు మొదలెట్టండి," అన్నాడు జీపు పక్కనున్న పశుసంవర్ధకశాఖ ఆఫీసరు. కోళ్ళని పట్టినవాళ్ళకి ముందుజాగ్రత్తగా వేసే మాత్రలు కూడా దారిలోనే ఉన్నాయన్నాడు. సాయంత్రానికి గొయ్యి నిండింది. సూట్లు రాలేదు. మాత్రలూ రాలేదు. మరదలు ఇంటికొచ్చి ఒంటిమీద బకెట్లకి బకెట్లు నీళ్ళు కుమ్మరించుకుంది. ఆవేళ ఎవరి గొంతునీ అనుకరించలేదు.

కొన్నాళ్ళకి ఆమె కళ్ళు చింతనిప్పుల్లా అయ్యాయి. జ్వరం. వీధిచివర క్లినిక్కులో చూపిస్తే, ఈ చలికి అందరికీ వచ్చేదే, మామూలు ఫ్లూ అన్నారు. "కోళ్ళఫారంలో పనిచేస్తాను" అని ఆమె చెప్పింది కూడా. ఎవరూ చెవిన వేసుకోలేదు. అక్కకీ జ్వరం తగిలింది. మరదలికి మాట మాటకీ ఆయాసం వస్తుంటే అతను ఇక ఆగలేదు. పక్కింటాయన సరుకుల వ్యానులో ఇద్దర్నీ పడుకోబెట్టుకుని పట్టపగలు ఆసుపత్రికి తీసుకొచ్చాడు.

సరాసరి పక్కదారికి పోనిమ్మన్నాడు. ఆ దారి అతనికి కొట్టినపిండి. మరదల్ని స్ట్రెచర్ మీదికి ఎక్కించి తనే తోశాడు. ఎగశ్వాసలోనూ ఆమె అతని వైపు చూసి, "బావా... నీ మంచం నాకిస్తున్నావా?" అంది.

"ఇస్తాన్లే, నువ్వు మాట్లాడకు," అన్నాడు.

ఫ్లూ గదికి తాళం వేసి ఉంది.

తాళం స్టోర్‌కీపరు దగ్గరుంది. స్టోర్‌కీపరు సెలవులో ఉన్నాడు. అతను తలుపు మీద రెండు చేతులతో బాదాడు. వార్డులోంచి పెద్దనర్సమ్మ పరిగెత్తుకొచ్చింది. స్ట్రెచర్ మీది మనిషిని ఒక్కసారి చూసి, గోడనున్న అగ్నిమాపక పెట్టె పగలగొట్టి, గొడ్డలి తీసి, తాళం మీద తనే ఒక్క వేటు వేసింది.

లోపల విరిగిన కుర్చీలు. రంగుల డబ్బాలు. గోడకి ఆనించి 'మేము సిద్ధం' అని పెద్దక్షరాలతో డ్రిల్లు నాటి బ్యానరు. అవన్నీ కాళ్ళతో తన్ని జరిపి మంచం దగ్గరికి దారిచేశారు. ఏళ్ళతరబడి విప్పని సూట్ల పెట్టె విప్పితే సూట్లు చేతుల్లో పొరలు పొరలుగా ఊడొచ్చాయి. మాస్కుల రబ్బరు లాగితే తెగిపోయింది. డ్యూటీలో ఉన్న కుర్రడాక్టరు యంత్రం మీది ప్లాస్టిక్ ముసుగు చింపి స్విచ్చేశాడు. పచ్చలైటు వెలిగింది. అతనికి ప్రాణం లేచొచ్చింది.

డాక్టరు గోడకున్న ఇత్తడి ఆక్సిజన్ బిగింపుకి యంత్రం గొట్టం తగిలించి, మర తిప్పి, చెవి ఆనించి విన్నాడు. మళ్ళీ తిప్పాడు. తర్వాత గొడ్డలి తీసుకుని ఆ బిగింపు పక్కన గోడ పెచ్చు ఊడగొట్టాడు. వెనకాల ఇటుకే ఉంది. ఆక్సిజన్ పైపు ఆ గదిదాకా రానేలేదు. ఇన్నేళ్ళూ ఆ యంత్రం లైటు వెలిగించడం తప్ప ఇంకేమీ చెయ్యలేదు.

"అది ఉత్తదా?" అన్నాడు అతను.

ప్రసూతి వార్డునుంచి రెండు సిలిండర్లు దొర్లించుకొచ్చారు. ఒకటి పక్కగదిలో పడుకోబెట్టిన అక్కకి పెట్టారు. రెండోది మరదలికి పెట్టి, చేత్తో నొక్కే రబ్బరు సంచితో ఊపిరి అందించడం మొదలెట్టారు. కుర్రడాక్టరు నొక్కాడు, పెద్దనర్సమ్మ నొక్కింది, వాళ్ళ చేతులు పట్టు తప్పినప్పుడు అతను నొక్కాడు. రాజధానిలో పెద్దాసుపత్రికి ఫోన్లు చేస్తూనే ఉన్నారు. పడకలు లేవన్నారు. సంచి నొక్కుతుంటే మరదలి ఛాతీ లేచేది, వదిలితే పడేది. మర్నాడు మధ్యాహ్నం దాకా అలాగే గడిచింది. ఆ తర్వాత నొక్కినా ప్రయోజనం లేదని డాక్టరు అతని చేతిలోంచి సంచి తీసుకున్నాడు. అతని వేళ్ళు మాత్రం నొక్కడం మానలేదు.

భార్య బతికింది. ఇల్లు చేరాక గుమ్మం నుంచి పెరటిదాకా నడిస్తే మధ్యలో గోడ పట్టుకుని నిలబడాల్సి వచ్చేది. చెల్లెలి సైకిలు వరండాలో కనిపించినప్పుడల్లా మొహం తిప్పుకునేది. కానీ తీసెయ్యనిచ్చేది కాదు.

పరీక్షకి పంపిన నమూనా ఫలితం మనిషి పోయాక వచ్చింది. బర్డ్ ఫ్లూయే. ఆ సాయంత్రం వార్డులో టీవీ చూస్తూ అతను దుప్పట్లు మడతపెడుతున్నాడు. వార్తల్లో ఆరోగ్యశాఖ ప్రకటన చదివారు. ఆసుపత్రి అన్నివిధాలా సన్నద్ధంగా ఉందిట. రోగిని కుటుంబసభ్యులు ఆలస్యంగా తీసుకొచ్చారట. ప్రజలు భయపడవద్దట.

చేతిలో దుప్పటి చేతిలోనే ఉండిపోయింది. కుటుంబసభ్యులు అంటే ఎవరు? తనే. వాళ్ళ గది, వాళ్ళ తాళం, వాళ్ళ ఉత్త యంత్రం, వాళ్ళ పొరలూడే సూట్లు. చివరికి తప్పు తనది! అతను సూపరింటెండెంటుగారి గదికి వెళ్ళి తలుపు తోశాడు. ఇన్నేళ్ళ నౌకరీలో తలుపు కొట్టకుండా వెళ్ళడం అదే మొదలు.

"ఆలస్యంగా తెచ్చానా సార్?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అది నేను రాసింది కాదయ్యా. పైనవాళ్ళది."

"గోడలో పైపు లేదని మీకు తెలుసా, తెలీదా?"

"తెలుసు. పైకి చాలాసార్లు రాశాను."

"పైకి రాశారు. మరి కింద నాకెందుకు చెప్పలేదు? ఏటా ఆ మంచం మీద పడుకున్నవాణ్ణి. ఒక్క మాట! 'ఒరేయ్, ఇది నాటకం, నమ్మకు' అని ఒక్క మాట చెప్పుంటే, నేను ఇంటికెళ్ళి ఆడవాళ్ళకి ధైర్యం చెప్పేవాణ్ణా?"

ఆయన బల్లమీది కాగితాలు సర్దుకున్నారు. అతను తలుపు దడాలున వేసి వచ్చేశాడు.

అంతటితో కోపం చల్లారుతుందనుకున్నాడు. చల్లారలేదు. అది అతనితోపాటే తిని, అతనితోపాటే పడుకునేది. స్ట్రెచర్ చక్రం కిరకిరలాడితే దాన్ని తన్నేవాడు. క్యాంటీనులో ఎవరైనా అలవాటుగా "ఉత్తుత్తి బాబాయ్" అంటే, కళ్ళెర్రజేసి ఒక్క చూపు చూసేవాడు. వాళ్ళు కప్పు తీసుకుని ఇంకో బల్ల దగ్గరికి జరిగేవారు. మామూలు ఫ్లూకి వెయ్యాల్సిన టీకాలు ఆ ఏడు చలి పోయి ఎండలు ముదిరాక వచ్చాయి. ఆ డబ్బాలు దించుతుంటే అతను పిచ్చివాడిలా పగలబడి నవ్వాడు. పెద్దనర్సమ్మ మందలించబోయి, అతని మొహం చూసి, మానుకుంది.

మళ్ళీ డ్రిల్లు రోజులు వచ్చాయి. సూపరింటెండెంటుగారు కబురుపెట్టారు. ఆయన తలెత్తకుండానే మాట్లాడారు. "నువ్వు వద్దంటే ఇంకొకర్ని చూస్తాను. బలవంతం లేదు."

"నేను కాక ఇంకెవరున్నారు సార్?" అన్నాడు అతను. "వస్తాను."

ఆ రోజు గదికి కొత్త సున్నం వేశారు. డాక్టరు పెచ్చు ఊడగొట్టిన చోట సిమెంటు పూసి ఇత్తడి బిగింపు మళ్ళీ అతికించారు. బ్యానరు దులిపి కట్టారు. పెద్దాఫీసరు వచ్చాడు, ఆయన వెనకాల కెమెరాలు వచ్చాయి. అతను అంబులెన్సులోంచి దిగాడు. దగ్గాడు. సూట్లవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. పక్కదారి. మంచం. పచ్చలైటు. చప్పట్లు.

"ఇక లే బాబాయ్."

"లేవను."

ముందు అందరూ నవ్వారు. హాస్యమనుకున్నారు. భుజం తట్టిన మనిషి మళ్ళీ తట్టాడు. అతను మంచం కడ్డీలు రెండు చేతులా పట్టుకుని, పైకప్పుకేసి చూస్తూ, "నాకింకా నయం కాలేదు. లేవను," అన్నాడు.

పెద్దాఫీసరు సూపరింటెండెంటుగారి వైపు తిరిగాడు. "ఏమిటిది?"

"మతి చలించినట్టుంది సార్. ఇంట్లో ఈమధ్య..."

"మతి బాగానే ఉంది," అతను మంచంలోంచే అరిచాడు. ఆ గొంతు ఆ ఆసుపత్రిలో ఎవరూ అంతకుముందు వినలేదు. "సార్, నేను ఫ్లూ పేషెంటుని. మీరే రాసుకున్నారు. ఆ మిషను నాకు పెట్టండి. దాంట్లోంచి గాలి రానివ్వండి. వచ్చిందాకా నేను లేవను. మా మరదలు ఇదే మంచం మీద పోయింది. కోళ్ళని చంపమన్నారు, చంపింది. దానికి సూటివ్వలేదు. మాత్ర ఇవ్వలేదు. ఇక్కడికి తెస్తే గాలివ్వలేదు. పోయాక మాత్రం పేపర్లకి చెప్పుకోడానికి నోరొచ్చింది, ఆలస్యంగా తెచ్చారని! పెట్టండి సార్! ఈ చప్పట్లు కొట్టినవాళ్ళలో ఎవరైనా వచ్చి పెట్టండి!"

కెమెరాలు తిరుగుతూనే ఉన్నాయి.

పెద్దాఫీసరు మొహం కందగడ్డ అయింది. "ఇతన్ని దించండి," అన్నాడు.

గుమ్మం దగ్గర స్ట్రెచర్లు తోసే తోటివాళ్ళు నిలబడి ఉన్నారు. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వాళ్ళలో పెద్దవాడు చేతులు కట్టుకుని, "డాక్టరుగారు చెప్పందే పేషెంటుని కదపకూడదండీ. రూలు," అన్నాడు.

పెద్దాఫీసరు కుర్రడాక్టరుకేసి తిరిగాడు. "నువ్వు చెప్పవయ్యా!"

కుర్రడాక్టరు మంచం దగ్గరికొచ్చాడు. అతని మణికట్టు పట్టుకుని, గడియారం చూసుకుని, తీరిగ్గా నాడి లెక్కపెట్టాడు. "డిశ్చార్జి చేసే పరిస్థితి కాదు సార్," అన్నాడు.

వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దాఫీసరు విసవిసా బయటికి నడిచాడు. టీ చల్లారిపోయింది.

కబురు ఇంటికి చేరింది. సాయంత్రం భార్య వచ్చింది. మెట్టు మెట్టుకీ ఆగుతూ వచ్చి, మంచం పక్కన స్టూలు మీద కూలబడి, ఊపిరి కూడదీసుకుంది.

"తిన్నావా?"

"ఆకలి లేదు."

"నాకుంది. పెద్దనర్సమ్మ ఏదో పెడతానంది. లేచి కూర్చో. తింటే రూలేం తప్పదులే." తర్వాత గది నాలుగు మూలలా చూసింది. ఆ గదిలో ఆమె అడుగుపెట్టడం అదే మొదలు. "ఇక్కడేనా?" అంది. అతను తలూపాడు. "అయితే పైపు వచ్చిందాకా లేవకు. లేచావంటే నేనే ఊరుకోను."

పైపు వచ్చింది. ఇన్నేళ్ళూ రానిది, కెమెరాల పుణ్యమా అని రెక్కలు కట్టుకుని వచ్చింది. పనివాళ్ళు అతను మంచం మీద ఉండగానే గోడ తొలిచారు. దుమ్మంతా అతని మొహాన పడింది. కదల్లేదు. కుర్రడాక్టరు మర తిప్పగానే గొట్టంలోంచి బుస్సుమని గాలి వచ్చింది. అతను చెయ్యి అడ్డంపెట్టి ఆ గాలి తగలనిచ్చుకున్నాడు. చల్లగా ఉంది. ఇదే కదా వాళ్ళు ఇవ్వలేకపోయింది! పట్టుమని ఒక గోడ అవతల ఉన్న గాలి! సంతోషం వస్తుందనుకున్నాడు. కోపమే ఇంకా పెరిగింది. లేచి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

దానికి ఫలితంగా అతన్ని కొన్నాళ్ళు ఉద్యోగంలోంచి ఆపేశారు. తర్వాత మనుషుల కంట పడకుండా చాకిరేవు గదిలో వేశారు. అక్కడ ఆసుపత్రి దుప్పట్లు ఉడకబెట్టడం పని. కుర్రడాక్టర్ని ఎక్కడో దూరానికి బదిలీ చేశారు. పెద్దనర్సమ్మకి గొడ్డలి వాడినందుకు సంజాయిషీ నోటీసు వచ్చింది. సూపరింటెండెంటుగారికి మాత్రం ప్రమోషన్ వచ్చింది. ఆ వార్త చెవినపడ్డ రోజు అతను దుప్పట్లని ఎంత బలంగా పిండాడంటే ఒకటి నిలువునా చిరిగింది.

అయితే ఫ్లూ గదికి ఇప్పుడు తాళం లేదు. పెద్దనర్సమ్మ వెయ్యనివ్వడం లేదు.

మరుసటి చలికాలంలో ఊరికి అవతలి వైపు ఇంకో ఫారంలో కోళ్ళు చచ్చాయి. మళ్ళీ జీపు వచ్చింది. మళ్ళీ ఆడవాళ్ళని పిలిచారు. ఆ పొద్దున్న అతని భార్య వరండాలో ఉన్న చెల్లెలి సైకిలు బయటికి తీసింది. తొక్కే ఊపిరి ఆమెకి లేదు. "నన్ను వెనక కూర్చోబెట్టుకుని పోనియ్యి," అంది.

"చాకిరేవులో డ్యూటీ ఉంది."

"ఉండనీ."

ఫారం గేటు ముందు ఆమె దిగి, రొప్పుతూనే, ఇనుపగేటుకి వీపు ఆనించి నిలబడింది. లోపలికి వెళ్ళబోతున్న ఆడవాళ్ళు ఆగారు. వాళ్ళలో చాలామంది ఆమెని ఎరుగుదురు. ఆమె చెల్లెల్నీ ఎరుగుదురు.

"సూట్లేవీ?" ఆమె జీపుకేసి అడిగింది.

"వస్తున్నాయమ్మా, దారిలో ఉన్నాయి," అన్నాడు ఆఫీసరు. అదే మాట. మనిషి కూడా అతనే.

"దారిలో ఉన్నవి వచ్చాక మేమూ లోపలికి వస్తాం. మాత్రలు కూడా. ముందు మాత్రలు మింగాకే కోడిని ముట్టుకునేది." మాటకీ మాటకీ మధ్య ఊపిరి కోసం ఆగుతోంది. ఆ ఆగడంలో కూడా ఎవరూ అడ్డురాలేదు. "తొందరగా ఉంటే మీరు దిగండి. మీ ఒంటిమీద సూటుందిగా."

ఆడవాళ్ళు గేటు ముందు నేలమీద చతికిలబడ్డారు. ఆఫీసరు ఒకసారి వాళ్ళనీ, ఒకసారి ఆమె పక్కన సైకిలు పట్టుకుని నిలబడ్డ పొడుగాటి మనిషినీ చూశాడు. టీవీలో చూసిన మొహం గుర్తుపట్టినట్టున్నాడు. ఫోను తీసి, అవతలివాళ్ళ మీద గట్టిగా కేకలేయడం మొదలెట్టాడు. కాసేపటికి జీపు వెనక్కి తిరిగి, దుమ్ము రేపుకుంటూ ఊళ్ళోకి పోయింది.

షెడ్లలో కోళ్ళు అరుస్తున్నాయి. భార్య గేటుకి ఆనుకుని కళ్ళు మూసుకుంది.

"కూర్చోరాదూ," అన్నాడు అతను.

"పెట్టెలు దించాక కూర్చుంటా," అంది.

అతను సైకిలు స్టాండు వేసి, వెళ్ళి ఆమె పక్కన నిలబడ్డాడు.